డీనా పని అయిపోయిందంటరా? జర లెక్క చూడుండ్రి

2024 ఆగస్టు 6, పారిస్. ఒలింపిక్స్ మహిళల 200 మీటర్ల ఫైనల్. అమెరికా రన్నర్ గాబీ థామస్ 21.83 సెకన్లల ఉరికి బంగారం కొట్టింది. సెయింట్ లూసియా అనే చిన్న దీవి నుంచి వచ్చిన జూలియన్ ఆల్‌ఫ్రెడ్‌కు వెండి, 22.08. కంచు మల్ల అమెరికాకే, బ్రిటనీ బ్రౌన్ 22.20. ఆమె ఎన్కనే 22.22 తోటి నాలుగో స్థానంల బ్రిటన్ రన్నర్ డీనా ఆషర్-స్మిత్.

రెండు వందల మీటర్లు ఉరికినంక తేడా ఎంత? సెకనును నూరు ముక్కలు చేస్తే అందుల రెండు ముక్కలు. వీళ్లు ఉరికే వేగం సెకనుకు దగ్గర దగ్గర తొమ్మిది మీటర్లు. గా రెండు ముక్కల టైంల పోయే దూరం 18 సెంటీమీటర్లు. జానెడు కూడ కాదు. గా జానెడు తక్కువైనందుకు ఒకామె మెడల పతకం పడ్డది, ఇంకొకామె ఒట్టిగ ఇంటికి పోయింది. పోలీసు ఈవెంట్స్ కోసం పొద్దుగాల లేచి రోడ్ల మీద ఉరికే పిల్లలకు ఈ బాధ ఎట్లుంటదో చెప్పాల్సిన పని లేదు. స్టాప్‌వాచ్‌కు దయ ఉండదు.

అప్పటి సంది డీనా గురించి ఒక మాట నడుస్తున్నది. "ఆమె పని అయిపోయింది, 2019 ఒక్కటే ఆమె ఏడు" అని. 2025 సెప్టెంబర్‌ల టోక్యో ప్రపంచ పోటీలైనంక ఆ మాట ఇంకా గట్టిగయింది. ఎందుకంటే అక్కడ 200 మీటర్లల పతకం తెచ్చిన బ్రిటన్ పిల్ల డీనా కాదు, ఆమె కంటే ఆరేండ్లు చిన్నదైన ఏమీ హంట్. డీనాకు 2025 డిసెంబర్ 4తోటి 30 ఏండ్లు నిండినయ్. ముప్పై అంటే స్ప్రింట్‌ల ముసలితనమే అని చానామంది లెక్క.

నాకు ఆ లెక్క ఒప్పుబాటు కాదు. అభిమానంతోటి అంటున్న మాట కాదిది. ఆమె టైములు ముంగట పెట్టుకొని చూస్తే వేరే కథ కనబడ్తది.

ముందుగాల ఆమె ఎవరో తెల్వనోళ్లకు నాలుగు ముక్కలు. లండన్ పక్కన ఆర్పింగ్టన్‌ల పుట్టింది, 1995ల. ఎనిమిదేండ్ల వయసు నుంచి జాన్ బ్లాకీ అనే ఒక్క కోచ్ దగ్గరనే నేర్చుకున్నది. 2012ల లండన్ ఒలింపిక్స్ జరిగినప్పుడు ఆమెకు 16 ఏండ్లు. అప్పుడు ఆ స్టేడియంల ఆమె వాలంటీర్. రేసు ముంగట రన్నర్లు ఇడిసిన ట్రాక్ సూట్లు, బూట్లు పెట్టే బుట్టలు మోసే పని. మరుసటేడే మాస్కో ప్రపంచ పోటీలల బ్రిటన్ రిలే జట్టుల ఉరికి కంచు పతకం తెచ్చింది, అప్పటికి 17 ఏండ్లు. 2014ల ప్రపంచ జూనియర్ 100 మీటర్ల ఛాంపియన్ అయింది. ఇగ 2015 జులైల, బుట్టలు మోసిన అదే లండన్ స్టేడియంల 100 మీటర్లు 10.99 సెకన్లల ఉరికింది. 11 సెకన్ల లోపట ఉరికిన మొట్టమొదటి బ్రిటన్ మహిళ ఆమెనే. చదువు కూడ ఇడువలేదు. పోటీలు తిరుగుకుంటనే లండన్ కింగ్స్ కాలేజ్‌ల హిస్టరీ డిగ్రీ చేసింది.

10.99 అంటే ఎంతో అర్థం కావాలంటే మన దేశం రికార్డు పక్కన పెట్టి చూడాలె. 2021ల ఒడిశా పిల్ల ద్యుతీ చంద్ ఉరికిన 11.17 మన దేశానికి రికార్డు. డీనా బెస్ట్ 10.83. ఇద్దరి నడుమ 0.34 సెకన్లు. ట్రాక్ మీద అది మూడు మీటర్ల పైన దూరం. ఊర్ల మూడు మీటర్లంటే ఇంటి ముంగటి అరుగంత. స్ప్రింట్‌ల మాత్రం అది రెండు వేరే వేరే లోకాల నడుమ ఉన్న సందు.

బ్రిటన్ సంగతి కూడ చెప్పాలె. పరుగులకు పేరున్న దేశమే గానీ, మహిళల 100, 200 మీటర్లల ఆ దేశానికి ఇప్పటిదాకా ఒక్క ఒలింపిక్ బంగారం లేదు. 1960ల రోమ్‌ల డొరొతీ హైమన్ 100ల వెండి, 200ల కంచు తెచ్చింది. 1983ల మొదటి ప్రపంచ పోటీలల క్యాథీ కుక్‌కు 200ల కంచు వచ్చింది. ఆ తర్వాత ప్రపంచ పోటీలల ఈ రెండు పరుగుల్ల ఒక్కతే ఉరికి పతకం తెచ్చిన బ్రిటన్ మహిళ 36 ఏండ్ల దాకా లేదు. కుక్ 1984ల పెట్టిన 22.10 రికార్డును 31 ఏండ్లకు కొట్టేసింది ఎవరనుకున్నరు? డీనానే. 2015 బీజింగ్ ఫైనల్‌ల 22.07 ఉరికి ఐదో స్థానంల వచ్చింది.

ఇగ 2018, బెర్లిన్. యూరప్ పోటీలల 100ల 10.85, 200ల 21.89, ఆ పైన రిలే. మూడింటికి మూడు బంగారాలు. మరుసటేడు దోహ ప్రపంచ పోటీలు. 100ల జమైకా రాణి షెల్లీ-ఆన్ ఫ్రేజర్-ప్రైస్ 10.71 తోటి గెలిస్తే డీనా 10.83 తోటి వెండి తెచ్చింది. మూడు రోజులకు 200 ఫైనల్‌ల 21.88 ఉరికి ప్రపంచ ఛాంపియన్ అయింది. ఈ రెండు పరుగుల్ల ప్రపంచ బంగారం కొట్టిన తొలి బ్రిటన్ మహిళ. రిలేల మల్ల వెండి.

దోహ 200 గురించి ఒక ఎత్తిపొడుపు ఉన్నది. ఫ్రేజర్-ప్రైస్ ఆ పరుగుకు దిగలేదు, బహామాస్ షోనే మిల్లర్-ఉయీబో 400కు పోయింది, జమైకాకే చెందిన ఎలైన్ థాంప్సన్ సెమీస్‌ల తప్పుకున్నది. "పెద్దోళ్లు లేని జాతరల గెలిచింది" అంటరు కొందరు. నిజమే, వాళ్లు లేరు. గానీ 21.88 అనే టైము ఎవరో లేనందుకు రాదు. ఎదురుంగ ఎవరున్నా లేకున్నా గడియారం అదే తీర్ల నడుస్తది. పారిస్‌ల గాబీ థామస్ బంగారం టైముకు ఇది మూరెడు తక్కువ, గంతే.

ఇప్పుడు అసలు లెక్కకొస్త. ఆ దోహ 200 ఫైనల్‌ల రెండోది ఎవరో తెలుసా? బ్రిటనీ బ్రౌన్. పారిస్‌ల డీనా నుంచి కంచు ఎత్తుకపోయిన ఆమెనే. దోహల బ్రౌన్‌కు వెండి తెచ్చిన టైము 22.22. పారిస్‌ల డీనాను నాలుగో స్థానంల నిలబెట్టిన టైము కూడ 22.22. 2017ల లండన్ ప్రపంచ పోటీలల డీనా నాలుగోది అయింది చూడుండ్రి, అప్పటి టైము కూడ అదే 22.22. అది కూడ ఆ ఏడు ఫిబ్రవరిల పాదం ఎముక ఇరిగి, కోలుకొని వచ్చి ఉరికిన పరుగు.

100 సంగతి ఇంకా విచిత్రం. 2019 దోహల 10.83 ఆమెకు వెండి. 2022ల అమెరికాల యూజీన్ ప్రపంచ పోటీలల మల్ల అదే 10.83 ఉరికింది, తన జాతీయ రికార్డుతోటి సమానం. ఈసారి వచ్చింది నాలుగో స్థానం. ముంగట ముగ్గురు జమైకా వాళ్లు: ఫ్రేజర్-ప్రైస్ 10.67, షెరికా జాక్సన్ 10.73, థాంప్సన్-హెరా 10.81.

అంటే ఏమైనట్టు? డీనా నెమ్మదైందా? కాదు. ఆమె ఉన్నకాడనే ఉన్నది, లోకం ముంగటికి జరిగింది. దానికి కారణాలున్నయ్. ఒకటి, జమైకాల ఒకే కాలంల ముగ్గురు గొప్ప రన్నర్లు పుట్టుకొచ్చుడు. టోక్యో ఒలింపిక్స్ 100ల మూడు పతకాలు వాళ్లవే. రెండోది, బూట్లు. 2020 దాటినంక కార్బన్ పట్టీ, కొత్త రకం ఫోమ్ ఉన్న స్పైక్స్ వచ్చినయ్. వాటితోటి ఎవరికి ఎంత లాభం అనే కాడ ఇంకా వాదులాట నడుస్తనే ఉన్నది గానీ, టైములు మొత్తం మీద కిందికి దిగినయన్నది కండ్ల ముంగటి మాట. మన ఊర్ల కూడ ఇసొంటిది చూస్తం. ఒకప్పుడు ఏ మార్కులకు సీటొచ్చిందో, ఐదేండ్లకు అవే మార్కులకు వెయిటింగ్ లిస్టు. సదివినోడు మొద్దైండని అంటమా?

అందుకే పతకాలు లెక్కబెట్టి రన్నర్‌ను తూచుడు సగం లెక్కనే. టైము చూడాలె, ఆ ఏడు పానం ఎట్లుండెనో చూడాలె.

పానం అంటే, 2021 యాదికొస్తది. జూన్‌ల మాంచెస్టర్‌ల ఒలింపిక్ ట్రయల్స్ ఉరుకుతుంటే తొడ ఎనక కండ చినిగింది. ఒలింపిక్స్‌కు ఐదారు వారాలే ఉన్నది. మొదట చూసినోళ్లు కండ పూరాగ తెగిందని, ఆపరేషన్ చెయ్యాలని చెప్పిన్రు. మల్ల వేరే డాక్టర్ దగ్గర చూపిస్తే అంత లేదని తేలింది. నడుసుడు నేర్చుకున్నట్టు మల్ల మొదటి నుంచి ఉరుకుడు నేర్చుకున్నది. టోక్యోల 100 సెమీస్ దాటలేదు, 11.05. 200 నుంచి తప్పుకున్నది. అప్పుడు కెమెరా ముంగట ఏడ్చుకుంట అసలు సంగతి చెప్పింది. అప్పటిదాకా బయటోళ్లకు ఎవరికీ పూర్తిగ తెల్వదు. అయినా వారం తిరగకముందే రిలేల మూడో లెగ్, అంటే వంపు మీద, ఉరికి జట్టుకు కంచు తెచ్చిపెట్టింది. నాకైతే దోహ బంగారం కన్నా ఈ కంచే పెద్దగ అనిపిస్తది. ఒప్పుకోనోళ్లు ఉంటరు, ఉండనీయుండ్రి.

2022ల ఇంకోటి. మ్యూనిక్‌ల యూరప్ పోటీలు. 100 ఫైనల్‌ల నడుమనే పిక్కలు పట్టుకున్నయ్, కుంటుకుంట ఆఖరుకు వచ్చింది. తర్వాత విలేకరులు అడిగితే సాకులు చెప్పలేదు. ఇది నెలసరి వల్లనే అని కుండ బద్దలు కొట్టింది. ఆడ క్రీడాకారుల పానం మీద నెలసరి ప్రభావం ఏందో చదివే పరిశోధనకు పైసలు పెట్టాలని, ఇదే మొగోళ్ల సమస్య అయితే ఎప్పుడో ఎన్నో మందులు, ఉపాయాలు వచ్చేవని అన్నది. రెండు మూడు రోజులకు అదే పోటీలల 200ల వెండి కొట్టింది.

ఈ మాట దగ్గర జర ఆగాలె. ప్రపంచ ఛాంపియన్ అయినామె, టీవీ ముంగట, సిగ్గు పడకుండ ఆ మాట అన్నది. మన దగ్గర బడిల ఖోఖో, కబడ్డీ మస్తుగ ఆడే పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చేసరికి గ్రౌండ్‌కు రాదు. ఎందుకు రాలేదని పీఈటీ సార్ అడగడు, పిల్ల చెప్పదు, ఇంట్ల అవ్వ "పెద్దదైంది, ఇగ ఆటలెందుకు" అంటది. గట్ల ఆగిపోయిన కాళ్లు ఎన్నో. విశాఖ పిల్ల జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ల 2023ల, మల్ల 2025ల ఆసియా ఛాంపియన్ అయింది. వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల దీప్తి జీవంజి 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లల కంచు తెచ్చింది. అంటే మన మట్టిల కాళ్లకు తక్కువ లేదు. ఆ నాలుగైదు రోజులు ఏం చెయ్యాలె, ఎంత ఉరకాలె, ఏం తినాలె అని పిల్లలకు చెప్పేటోళ్లే తక్కువ. అక్కడ బ్రిటన్‌ల కూడ తక్కువేనని డీనా మాటతోటి తెలిసింది.

2023 అంత మంచి ఏడు కాదు. బుడాపెస్ట్‌ల 100, 200 రెండింటి ఫైనల్ చేరింది గానీ పతకం దగ్గరకు రాలేదు. ఆ ఏడు ఆఖర్ల 19 ఏండ్ల సంది ఉన్న కోచ్ బ్లాకీని ఇడిసి అమెరికాల టెక్సస్ రాష్ట్రం, ఆస్టిన్‌కు పోయింది. అక్కడ కోచ్ ఎడ్రిక్ ఫ్లోరియల్. పక్కన ప్రాక్టీస్ చేసేది ఎవరు? జూలియన్ ఆల్‌ఫ్రెడ్, పారిస్‌ల 100 బంగారం 10.72 తోటి కొట్టి తన దీవికి మొట్టమొదటి ఒలింపిక్ పతకం తెచ్చిన పిల్ల. 28 ఏండ్లకు ఇల్లు, ఊరు, చిన్నప్పటి గురువును ఇడిసి, తనకంటే వేగంగ ఉరికేటోళ్ల పక్కన పోయి నిలబడుడు అల్కటి పని కాదు. ఫలితం కనబడ్డది. 2024 జూన్‌ల రోమ్‌ల యూరప్ 100 మీటర్ల బంగారం, 10.99. పారిస్‌ల 100 సెమీస్‌లనే ఆగింది గానీ 200ల ఆ జానెడు కథ, ఆ తర్వాత రిలేల మొదటి లెగ్ ఉరికి వెండి. అమెరికా జట్టు 41.78, బ్రిటన్ 41.85.

ఆమెకున్న ఒలింపిక్ పతకాలు మూడు. రియోల కంచు, టోక్యోల కంచు, పారిస్‌ల వెండి. మూడూ రిలేవే. ఒక్కతే ఉరికి తెచ్చినది ఒక్కటి లేదు. ఇదే ఆమె కథల ఖాళీ జాగ.

మరి ఇగ ముంగట ఏముంది? 2026 ఎండాకాలం బ్రిటన్ రన్నర్లకు ఇంటికాడ పండుగ. జులై 23 నుంచి ఆగస్టు 2 దాకా గ్లాస్గోల కామన్వెల్త్ గేమ్స్. ఆ ఎమ్మటే ఆగస్టు 10 నుంచి 16 దాకా బర్మింగ్‌హామ్‌ల యూరప్ ఛాంపియన్‌షిప్స్. ఈ యూరప్ పోటీలు బ్రిటన్ గడ్డ మీద జరుగుడు ఇదే మొదటిసారి. తర్వాత 2027ల బీజింగ్‌ల ప్రపంచ పోటీలు, 2028ల లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్.

నా అంచనా ఇది. గ్లాస్గోల జమైకా వాళ్లు, ఆల్‌ఫ్రెడ్ దిగితే 100ల డీనాకు బంగారం కష్టం. బర్మింగ్‌హామ్‌ల సంగతి వేరు, అక్కడ జమైకా లేదు, అమెరికా లేదు. 100ల పోలండ్ పిల్ల ఎవా స్వొబొదా, ఇటలీ పిల్ల జైనబ్ దోస్సో లాంటోళ్లు స్టార్టింగ్ బ్లాక్స్ నుంచి బాణం లెక్క లేస్తరు. డీనా మొదటి ముప్పై మీటర్లల వాళ్లకు అందుబాటుల ఉంటే చాలు, ఎందుకంటే చివరి నలభై మీటర్లు ఆమెవి. రోమ్‌ల ఈ ఇద్దరినీ ఎనక పెట్టింది కదా.

అయితే నేను పైసలు పెట్టాల్సి వస్తే 200 మీదనే పెడ్త. 200ల సగానికి పైన వంపులనే ఉరకాలె. వేగంగ పోతుంటే వంపు మనిషిని బయటికి నూకుతది. బైక్ మీద మలుపు తిరిగేటప్పుడు లోపటికి వంగుతం కదా, గట్లనే రన్నర్ కూడ పెయ్యిని ఎడమ దిక్కు వంచాలె, అడుగు తడబడొద్దు. వట్టి బలంతోటి ఇది రాదు, ఏండ్ల తరబడి చేస్తే ఒంటికి పడ్తది. వయసుతోటి మొదటి పేలుడు తగ్గినా ఈ ఇద్యె అంత తొందరగ పోదు. ముప్పై ముసలితనం అనేటోళ్లు ఫ్రేజర్-ప్రైస్‌ను మరిచిపోతున్నరు. 2022ల 10.67 తోటి ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఆమెకు 35 ఏండ్లు.

డీనాకు అసలు పోటీ బయటి నుంచి కాదు, ఇంట్ల నుంచే. ఏమీ హంట్ 2019లనే, 17 ఏండ్లకు, 200ల 22.42 ఉరికి 18 ఏండ్ల లోపోళ్లల ప్రపంచంలనే మేటి టైము పెట్టింది. తర్వాత తొడ కండరం నరం తెగి ఆగిపోయింది. కేంబ్రిడ్జ్‌ల ఇంగ్లిష్ సాహిత్యం చదువుకుంట మల్ల లేచింది. 2025 టోక్యోల 22.14 తోటి ప్రపంచ వెండి కొట్టింది. ఆ ఫైనల్‌ల డీనా ఐదోది. బంగారం అమెరికా పిల్ల మెలిస్సా జెఫర్సన్-వుడెన్‌ది, 21.68. అది వేరే లెవల్, దాని జోలికి ఇప్పుడు పోవద్దు. ఇంకొకామె డారిల్ నీటా, పారిస్‌ల డీనా ఎనక 22.23 తోటి ఐదో స్థానం, 2024ల యూరప్ 200ల వెండి.

ఒక్క దేశం నుంచి ముగ్గురు ఫైనల్ ఉరికే రోజులొచ్చినయ్. 2015కు ముంగట 11 సెకన్ల గోడను ఒక్క బ్రిటన్ మహిళ కూడ దాటలేదని యాదికుంచుకోవాలె. ఆ గోడను మొదట తన్నింది డీనా. ఆ సందుల నుంచే తర్వాతోళ్లు వచ్చిన్రు, ఇప్పుడు ఆమెనే దాటుతున్నరు. బర్మింగ్‌హామ్‌ల 200 బంగారం ఏమీకి వచ్చే అవకాశమే జర ఎక్కువ అని నా లెక్క. వెండి, కంచుల డీనా పేరు ఉంటదనుకుంట. ఆమె 22 సెకన్ల దగ్గర దగ్గర ఉరికితే మాత్రం ఏ పతకమైనా రావొచ్చు. 2022ల యూజీన్‌ల 22.02 తోటి ప్రపంచ కంచు తెచ్చిన కాళ్లే కదా అవి.

ఒలింపిక్స్‌ల ఒక్కతే ఉరికి పతకం తెచ్చుడు? లాస్ ఏంజెలిస్ నాటికి 32 ఏండ్లు. అయితదని గట్టిగ చెప్పలేను, కాదని అసలే చెప్పలేను. ముందుగాల ఆమె కండరాలు రెండేండ్లు సక్కగ ఉండాలె.

ఆగస్టుల ఆ 200 ఫైనల్ ఫోన్ల చూసేటోళ్లకు ఒక మాట. స్టార్ట్ కాడ చూపు పెట్టకుండ్రి. వంపు అయిపోయి సీదా దారిల పడే కాడ, ఇంక 80 మీటర్లు ఉందనంగ, డీనా భుజాలు చూడుండ్రి. భుజాలు పైకి లేవకుండ, దవడ బిగవకుండ ఉన్నదంటే ఆమె ఇంకా రేసుల ఉన్నట్టే.